ఇంటి మనిషికి కార్డు

జూన్ 3

గడుగ్గాయికి,

ముందుగా ఒక సవరణ. నేను పడింది నిచ్చెన మీంచి కాదు, స్టూలు మీంచి. "మా నానమ్మ నిచ్చెన మీంచి పడింది" అని నీ స్నేహితురాళ్ళందరి దగ్గరా సానుభూతి పోగుచేసుకున్నావని మీ నాన్న చెప్పాడు. నిచ్చెన అంటే అందులో కాస్త పరువుంది. నేను పడింది మోకాలెత్తు స్టూలు మీంచి, అదీ అటక మీద పాత సూట్‌కేసు అందుకోబోయి. తుంటి విరగడానికి ఆ మాత్రం ఎత్తు చాలు. బడిలో ముప్ఫై ఏళ్ళు గురుత్వాకర్షణ పాఠం చెప్పినదాన్ని, అది నన్నొక్కదాన్నీ మినహాయిస్తుందనుకోవడం నా అవివేకం.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్‌లో నువ్వు "ఊఁ, ఊఁ" అంటూ ఇంకేదో చూసుకుంటూ ఉంటావు. ఉత్తరంలో ఊఁ కొడితే పట్టుబడతావు. అందుకని ఇదే నాకు సుఖం.

బొమ్మ చెక్కి అచ్చు వేసుకోమని నువ్వు పంపిన సామాను పార్సెలు మీ అమ్మ విప్పి మంచం పక్కన సర్దింది. "నోటికి కాస్త విశ్రాంతి, చేతికి కాస్త పని" అని నువ్వు పెట్టిన చీటీ కూడా చదివాను. మీ నాన్న దాన్ని దాచబోయాడు. వాడికి చిన్నప్పట్నుంచీ దాచడం చేతకాదు. రెండో సవరణ: ఆ లైనో పలక నువ్వు రాసినట్టు రబ్బరు కాదు. అవిసె నూనె, బెండు పొడి కలిపి గోనె గుడ్డ మీద పరిచిన పదార్థం. చల్లగా ఉంటే మొండికేస్తుంది. మీ అమ్మ రోజూ పొద్దున్నే కిటికీ ఎండలో పెట్టేది, నేను పళ్ళు తోముకునే వేళకి చెప్పిన మాట వినేలా మెత్తబడేది.

ఉలిని ఎప్పుడూ ఒంటికి అవతలి వైపుకే తొయ్యాలని కింద గీతలు గీసి మరీ రాశావు. నేను ఒక్కసారే మర్చిపోయాను. ఎడమ బొటనవేలికి కట్టు మీ అమ్మే కట్టింది.

ఇక నాకు సాయపడ్డవాళ్ళకి థాంక్స్ చెబుతూ చేసిన కార్డుల మీది బొమ్మ. వాకరు మీద కాకి వాలి ఉంటుంది. కాకి నాకు బాగా కుదిరింది, రోజూ కిటికీలో వచ్చి నా నడకని పరీక్షించేది అదే కదా. వాకరు మాత్రం కాస్త మేకలా వచ్చింది. నువ్వు చెప్పిన తరిగే పద్ధతిలోనే చేశాను. తెల్లగా ఉండాల్సిన చోట్లు చెక్కేసి, అన్ని కాగితాల మీదా పసుపు అచ్చు వేశాను. అది ఆరాక, పసుపుగానే మిగలాల్సిన చోట్లు చెక్కేసి, అవే కాగితాల మీద ఇటుకరంగు. ఆపైన ఇంకా చెక్కి, నలుపు. రంగు రంగుకీ పలక తరిగిపోయి, చివరికి దాని మీద ఒక కాకి, నాలుగు కర్రలు మిగిలాయి. ఇక లోకం తలకిందులైనా ఇంకో కార్డు పుట్టదు. ఎన్ని కావాలో మొదటి రంగు నాడే తేల్చుకోవాలి. తేల్చుకున్నాను. తర్వాత "అయ్యో" అని నాలుక కరుచుకోవడం నా అలవాటు కాదని నీకు తెలుసు.

అట్ట కాగితాలు మీ అమ్మ కత్తిరించింది. అచ్చు రుద్దడానికి తన చెక్క గరిటె ఇచ్చింది. రోలరుకి అంటిన రంగు నూనెతో, సబ్బుతో కడిగిందీ, కార్డుల్ని బట్టల తీగ మీద క్లిప్పులు పెట్టి ఆరేసిందీ, వాన వస్తే పరుగెత్తిందీ ఆవిడే. నా కాలు ఇంకా పరుగుల దాకా రాలేదు.

ఎవరెవరికో చెబుతాను విను. తుంటి బిగించిన డాక్టరుకి. వార్డులో నా తిట్లు చిరునవ్వుతో భరించిన నర్సుకి. "ఇంకొక్క అడుగు, ఇంకొక్కటే" అంటూ రోజూ గది చివరిదాకా మోసం చేసి నడిపించే ఫిజియోథెరపీ అమ్మాయికి. నన్ను ఆస్పత్రికి తీసుకెళ్తూ ప్రతి గతుకు దగ్గరా నాకంటే ముందు తనే "అమ్మా" అని అరిచిన వ్యాను డ్రైవరుకి. వాకరు అరువిచ్చిన కింది ఇంటి పోస్టుమాస్టరు గారికి. మందుల షాపాయనకి. ఆస్పత్రి కాగితాల మీద సంతకాలు పెట్టిన మీ నాన్నకి. ఈ రంగుల గోల మొదలుపెట్టిన నీకు. లోపల అందరికీ ఒకటే మాట రాశాను: "నన్ను నిలబెట్టినందుకు." కవర్ల మీద అడ్రసులు మీ అమ్మ చేత రాయించాను. ఆవిడ దస్తూరీ ముత్యాలు, నాది డాక్టరు చీటీ.

నీ కార్డు ఇందులోనే ఉంది. మేక అనకు.

ఒకటిన్నర కాలి మీద నిలబడి,
నానమ్మ


జూన్ 10

నానమ్మా,

సవరణలు రెండూ శిరసావహించాను. కార్డు ఎంత బాగుందో చెప్పలేను. మా ప్రెస్సు ఓనరు తీసుకెళ్ళి దీపం కింద పెట్టి చూశాడు. మూడు రంగులూ ఒకదాని మీద ఒకటి జరక్కుండా పడ్డాయి, కొత్తవాళ్ళకి ఇది రాదన్నాడు. తర్వాత "ఈ మేక మీద కాకి ఎందుకు వాలింది?" అని అడిగాడు. నేను ఏమీ అనలేదు, ఆయనే అన్నాడు.

కానీ లోపల రాసింది చదివి తల ఎత్తుకోలేకపోయాను. నేను నిన్ను ఎక్కడ నిలబెట్టాను నానమ్మా? నువ్వు ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ రాలేదు. పోస్టర్ల పని మీద పడిందని చెప్పాను. పని ఉన్న మాట నిజమే, కానీ అడిగితే సెలవు ఇచ్చేవాళ్ళు. అడగలేదు. నిన్ను మంచం మీద చూడాలంటే భయమేసింది. ఇప్పుడు కాదు, లేచాక వెళ్దాం అనుకుంటూ వాయిదా వేశాను. ఉలులూ రంగులూ పార్సెలు కట్టి పంపితే నా వంతు తీరిపోతుందనుకున్నాను. నువ్వు అది పట్టుకుని నాకే థాంక్స్ చెబితే ఎలా ఉంటుందో ఆలోచించు.

సరే, అది నా బాధ. అమ్మ తన కార్డు చూసి ఏమంది? ఫోన్‌లో అడిగితే "బాగున్నాయి, అందరికీ నచ్చాయి" అని మాట మార్చేసింది. తనది ఎక్కడ పెట్టుకుంది? బీరువా తలుపుకి అంటించుకుందా?

నీ గడుగ్గాయి


జూన్ 16

భయస్తురాలికి,

నువ్వు రానందుకు నేనేం అనుకోలేదు. అనుకున్నాను, కానీ నొప్పి బిళ్ళల మత్తులో అనుకున్నవి లెక్కలోకి రావు. మంచం మీద నన్ను చూసి నువ్వు ఏడుపు మొహం పెడితే దాన్ని ఓదార్చే పని కూడా నా నెత్తిన పడేది. వదిలెయ్.

ఇక్కడి కబుర్లు. వాకరు ఇంట్లో మూల పెట్టి చేతికర్రకి మారాను. కాకి ఈ మార్పుని ఆమోదించలేదు, మూడు రోజులుగా రావడం లేదు. డాక్టరు నా కార్డుని బల్ల మీద అద్దం కింద పెట్టుకున్నాడట, ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. పోస్టుమాస్టరు గారు తమ కార్డు టీవీ మీద నిలబెట్టి, వచ్చినవాళ్ళందరికీ "టీచరు గారు స్వయంగా చెక్కారు" అని చూపిస్తున్నారు. ఆ వాకరు ఆయన భార్యది, ఆవిడ పోయాక మంచం కింద ఉండిపోయింది. వ్యాను డ్రైవరు తన కార్డు అద్దానికి అంటించుకుని, దారి సరిగా కనపడక ఒక గేటుని గుద్దాడు. గేటుకి తప్ప ఎవరికీ ఏమీ కాలేదు.

వానలు మొదలయ్యాయి. మేడ మీంచి నీళ్ళు కారుతున్నాయి. మీ నాన్న మేస్త్రీని పిలుస్తానని ప్రతి వానకీ అంటున్నాడు.

మీ అమ్మ గురించి అడిగావు. ఆవిడకి కార్డు ఇవ్వలేదు. ఇంట్లో మనిషికి కార్డేమిటే? కుడి చెయ్యి వెళ్ళి ఎడమ చేతికి నమస్కారం పెడుతుందా? డాక్టరుకి చెప్పాలంటే కార్డు కావాలి, ఆయన గుమ్మం దాకా నేను నడవలేను గనుక. మీ అమ్మ షాపు ఉద్యోగానికి వెళ్ళిన వేళ తప్ప కళ్ళ ముందే ఉంటుంది, చెప్పాలనుకుంటే నోటితోనే చెప్పుకోవచ్చు.

చెప్పావా అని అడక్కు.

నానమ్మ


జూన్ 21

నానమ్మా,

రెండు చేతులూ కలిస్తేనే నమస్కారం. ఒంటి చేత్తో పెట్టేదాన్ని సలాము కొట్టి తప్పించుకోవడం అంటారు.

ఇంట్లో మనిషికి కార్డెందుకు అన్నావు. మరి నాన్నకి ఇచ్చావుగా? నాన్న మన ఇంట్లో మనిషి కాదా, అద్దెకుంటున్నాడా? మూడు సంతకాలు పెట్టినందుకు ఆయనకి మూడు రంగుల కార్డు.

నీ మొదటి ఉత్తరం నా దగ్గరే ఉంది. మళ్ళీ తీసి చదివాను. పార్సెలు విప్పింది అమ్మ. పలక ఎండలో పెట్టింది అమ్మ. నీ వేలికి కట్టు, కాగితాలు, గరిటె, రోలరు, బట్టల తీగ, వానలో పరుగు, అన్నిట్లోనూ అమ్మే. ఆ ఉత్తరంలో అమ్మ లేనిచోటు ఒకటే, కార్డులు ఎవరెవరికి అని రాసిన చోటు. పైగా ఆ కవర్ల మీద పేర్లన్నీ తన చేతే రాయించావు! చివరి కవరు రాసేటప్పుడు అమ్మ మొహం చూశావా? చూసి ఉండవు. నువ్వు కాకి మొహం చూస్తూ ఉండి ఉంటావు.

నిన్ను నెలల తరబడి లేపి కూర్చోబెట్టింది, నీకు స్నానం చేయించింది, నువ్వు పిలుస్తావని నీ గదిలోనే నేల మీద పడుకుంది. ఇవేవీ నువ్వు నాకు రాయలేదు, అమ్మా చెప్పలేదు. ఒకరోజు నాన్న నోరుజారాడు.

నిన్ను తిడుతున్నాను కానీ సగం నాకే తగులుతోంది. ఆ పనిలో ఒక వారమైనా నేను చెయ్యాల్సింది. అందుకే నా కార్డు ఇందులో పెట్టి పంపిస్తున్నాను. నేను దానికి తగను. ఇది అమ్మకివ్వు.

నీ మనవరాలు


జూన్ 29

మనవరాలా,

"గడుగ్గాయి" అని సంతకం పెట్టలేదంటే నిజంగానే కోపం వచ్చిందన్నమాట. వచ్చింది సరే, దాని వల్ల ఇక్కడ జరిగింది విను.

నీ కవరు వానకి తడిసి అంచు ఊడిపోయి వచ్చింది. గుమ్మంలో మీ అమ్మ అందుకుంటే కార్డు జారి కాళ్ళ దగ్గర పడింది. ఉత్తరం ఆవిడ చదవలేదు. ఒకరి ఉత్తరం చదవడం మీ అమ్మకి రాదు, ఆ విద్య నాకే వచ్చు. కార్డు తిరిగొచ్చిందని మాత్రం చూసింది. నేనేదో అన్నాననీ, నువ్వు అలిగి నా మొహాన కొట్టావనీ అనుకుంది. వెంటనే నీకు ఫోన్ చేసి, "పెద్దావిడ నొప్పి ఓర్చుకుంటూ చెక్కింది, తిప్పి పంపడానికి చేతులెలా వచ్చాయే?" అని చీవాట్లు పెట్టింది. నా తరఫున పోట్లాడింది. నేను పక్క గదిలో నీ ఉత్తరం ఒళ్ళో పెట్టుకుని అంతా విన్నాను. లేచి వెళ్ళి "ఆపమ్మా" అనొచ్చు. కర్ర చేతికి అందేంత దూరంలోనే ఉంది. అనలేదు.

నిజం చెప్పడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లో నాకు వచ్చిన ఆలోచనలు చెబితే నవ్వుతావు. పాడైన అచ్చు ఒకటి మిగిలింది, అందులో వాకరు ఒకచోటుంటే కాకి వేలెడు దూరంలో గాల్లో కూర్చుంది. అది ఇద్దామా అనుకున్నాను. పోస్టుమాస్టరు గారిని అడిగి ఆయనది వెనక్కి తీసుకుందామా అనుకున్నాను. చేశాననడం లేదు, ఆలోచన వచ్చిందంటున్నాను. మనిషి తప్పు చేశాక బుర్ర ఎంత చవకగా పనిచేస్తుందో నీకు తెలియాలని రాస్తున్నాను.

చివరికి ఆవిడ గది తుడుస్తుండగా మొదలుపెట్టాను. "అది కార్డు తిరిగి పంపింది నా మీద కోపంతో కాదమ్మా. నీకిమ్మని పంపింది."

"నాకా? నాకెందుకు అత్తయ్యా? లోపల దాని పేరు రాసుందిగా."

"నీకు వెయ్యడం మర్చిపోయాను."

బకెట్లో బట్ట పిండుతూ అంది, "దానికేముంది, నేను ఇంట్లోదాన్నేగా."

అచ్చంగా నేను నీకు రాసిన మాటే. నేను రాసినప్పుడు సామెతలా గంభీరంగా ఉంది. ఆవిడ బకెట్ మీద వంగి అంటే ఎలా ఉందో రాయడం నాకు చేతకావడం లేదు.

ఊరుకుంటే సరిపోయేది. నేను ఊరుకునే రకం కాదు. "నువ్వైనా ఒక మాట గుర్తు చెయ్యొచ్చుగా" అన్నాను. చూశావా, ఆ తప్పులో కూడా ఆవిడకి ఒక వాటా ఇవ్వబోయాను.

మీ అమ్మ నవ్వింది. "కాగితాలు కత్తిరిస్తున్నప్పుడే తెలిసిందిలెండి. ఒకటి ఎక్కువ కత్తిరిద్దామా అనిపించింది. మరీ అడిగి వేయించుకున్నట్టుంటుందని మానేశాను" అంది. అని, బకెట్ తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయింది.

అప్పట్నుంచీ నాకు ముద్ద దిగడం లేదు. ఒంట్లో బాలేదనుకుని ఆవిడ ఇంకా ఎక్కువ చేస్తోంది. అది ఇంకో శిక్ష.

కొత్త పలక ఒకటి మిగిలే ఉంది. ఆవిడకి కార్డు చెక్కుదామని ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఏం బొమ్మ వెయ్యాలి? డాక్టరుకైనా డ్రైవరుకైనా కాకి చాలు. మీ అమ్మకి ఏమిష్టం? పువ్వులా? పువ్వులైతే ఏవి? పాటలా? ఈ ఇంటికి వచ్చి పాతికేళ్ళు దాటింది. ఆవిడ చేతి వంటలో ఉప్పు ఎప్పుడు తగ్గిందో తారీకులతో సహా చెప్పగలను, ఆవిడకి ఏమిష్టమో తెలియలేదు. పెన్సిలు పక్కన పెట్టేశాను.

కూతురివి, నువ్వు చెప్పు. వెంటనే రాయి.

నానమ్మ

నీ కార్డు నా దిండు కింద ఉంది. అది నీదే, వచ్చి తీసుకో.


జూలై 4

నానమ్మా,

అమ్మ ఫోన్‌లో తిడుతుంటే, నువ్వే ఉసిగొల్పి తిట్టిస్తున్నావనుకున్నాను. అందుకే వారం రోజులు ఇంటికి ఫోన్ కూడా చెయ్యలేదు. అమ్మ నేను అలిగాననుకుని ఉంటుంది. ఇప్పుడు ముగ్గురం ముగ్గురికీ సారీ చెప్పాలి.

అమ్మకి ఏమిష్టం అని అడిగావు. నీ ఉత్తరం వచ్చాక ఇదే ఆలోచన. ఏం తట్టలేదు. చివరికి అమ్మకే ఫోన్ చేసి అడిగాను. "నాకేంటే, మీరంతా బాగుంటే చాలు" అంది. ఇంకా గుచ్చి గుచ్చి అడిగితే "నీకు జ్వరం గానీ వచ్చిందా?" అంది.

నా చెప్పుల సైజు అమ్మకి తెలుసు. నాకు ఏ మందు పడదో, మా ప్రెస్సులో ఎవరితో పడదో తెలుసు. అమ్మ చెప్పుల సైజు ఎంతో నాకు తెలియదు. నీకు పెద్ద ఉత్తరం రాసి నీతులు చెప్పానుగా, ఇప్పుడు దాన్ని తలుచుకుంటే చెవులు కాలుతున్నాయి.

పని సంగతి ఒక్కటి చెప్పగలను. ఈసారి తరిగే పద్ధతి వద్దు. ఒక్క నలుపే వెయ్యి. పలక మిగులుతుంది, తప్పు వచ్చినా మళ్ళీ అచ్చు వేసుకోవచ్చు. ఇంకోటి, ఊహించి గియ్యకు. కాకిని నువ్వు రోజూ చూశావు కాబట్టి కాకి కుదిరింది. వాకరుని వదిలించుకోవాలని చూశావు గానీ దాన్ని చూడలేదు, అందుకే అది మేక అయింది. అమ్మని కూడా చూసి గియ్యి.

నీ గడుగ్గాయి (మళ్ళీ)


జూలై 18

గడుగ్గాయికి,

చూసి గియ్యమన్నావు. గురువు గారి ఆజ్ఞ కదా అని అట్టా పెన్సిలూ పట్టుకుని మాటు వేశాను. కదిలే మనిషిని గియ్యడం నా వల్ల కాదు, కూర్చున్నప్పుడు గీద్దామనుకున్నాను.

కూర్చుంటేగా.

పొద్దున టీ గట్టుకి ఆనుకుని తాగుతుంది. టిఫిను డబ్బాలు సర్దుతూ సర్దుతూ తన ముద్ద నోట్లో వేసుకుంటుంది. బట్టల షాపులో కౌంటరు వెనక పొద్దస్తమానం నిలబడే ఉద్యోగం. "బస్సులోనైనా సీటు దొరుకుతుందా?" అని అడిగితే, "నిలబడ్డానికి చోటు దొరికితే అదే గొప్ప" అంది. సాయంత్రం వచ్చి సంచీ కింద పెట్టకుండానే నా మందులు అడుగుతుంది. టీవీ కూడా గుమ్మంలో నిలబడి చూస్తుంది, ఒక కాలు వంటింట్లో ఉంచి. వారం రోజులు చూశాను. నా అట్ట మీద కుర్చీలు మాత్రం చాలా వచ్చాయి, అన్నీ ఖాళీవే. మీ నాన్న చూసి, "ఏంటమ్మా, ఫర్నిచరు షాపు పెడుతున్నావా?" అన్నాడు. వాడు కూర్చునే అడిగాడు.

ఇక లాభం లేదని, ఆదివారం మధ్యాహ్నం మీ నాన్న చేత నా ఎదురుగా ఒక కుర్చీ వేయించి మీ అమ్మని పిలిచాను. తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఇలా కూర్చో" అన్నాను.

కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. మీ నాన్న వైపు ఒకసారి చూసి, "ఏంటత్తయ్యా? నావల్ల ఏమైనా తప్పు జరిగిందా?" అంది.

నువ్వు పక్కన లేవు గానీ, ఉంటే నా మొహం చూసేదానివి. ఈ ఇంట్లో నేను ఆవిడని ఎదురుగా కూర్చోమన్న సందర్భాలు ఏమిటా అని వెతుక్కున్నాను. ఆవిడ అడిగింది న్యాయమే.

"జరిగింది. నువ్వు చేసింది కాదు" అన్నాను. "కూర్చో, నీ బొమ్మ గియ్యాలి."

"నా బొమ్మా? ఇప్పుడా? పొయ్యి మీద పాలున్నాయి!"

"పాలు వీడు చూస్తాడు."

"ఆయనా!" అంది మీ అమ్మ. ఆ ఒక్క మాటలో ఎంత చరిత్ర ఉందో.

మీ నాన్న రోషంగా వంటింట్లోకి వెళ్ళాడు. మీ అమ్మ కుర్చీ అంచున, డాక్టరు పిలుపు కోసం ఎదురుచూసేవాళ్ళలా కూర్చుంది. చెవులు వంటింట్లోనే ఉన్నాయి. "వెనక్కి జారగిలపడు" అన్నాను. పడింది. "చేతులు ఒళ్ళో పెట్టుకో." పెట్టుకుంది. నేను కుర్చీ కాళ్ళు గీసి, ఆవిడ పాదాలు గీసి, మడమల పగుళ్ళు వెయ్యాలా వద్దా అని తలెత్తి చూసేసరికి మీ అమ్మ నిద్రపోయింది.

ఊరికే కునుకు కాదు. తల ఒక పక్కకి వాలిపోయి, నోరు కాస్త తెరుచుకుని, గాఢమైన నిద్ర. వంటింట్లో పాలు పొంగి పొయ్యి మీద చిమ్మాయి, మాడు వాసన ఇల్లంతా కమ్మింది, గిన్నె ఏదో కింద పడింది, అయినా లేవలేదు. మీ నాన్న గుమ్మంలోకి వచ్చి నోరు తెరవబోతే కర్ర ఎత్తాను. వాడు అలాగే నిలబడిపోయాడు. చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత నిశ్శబ్దంగా వెళ్ళి పొయ్యి తుడిచాడు. సరిగ్గా తుడవలేదు, కానీ తుడిచాడు.

ఆ నిద్రే గీశాను. దాన్నే చెక్కాను. కుర్చీ, మనిషి నలుపు, చుట్టూ ఉన్న గది అంతా తెలుపు. గరిటె మీ అమ్మని అడగకుండా దొంగతనంగా తీసుకున్నాను. రోలరు నేనే కడిగాను, బాత్రూము గోడ మీద నా అయిదు వేళ్ళూ పడ్డాయి, వచ్చినప్పుడు చూద్దువుగాని. లోపల ఏం రాయాలో తెలియక రెండు రోజులు తన్నుకున్నాను. నాకు వచ్చిన పెద్ద పెద్ద మాటలన్నీ రాసి కొట్టేసి, చివరికి ఒక్కటే రాశాను: "ఈ కాగితం నేనే కత్తిరించాను." స్కేలు పెట్టి కత్తిరించినా వంకరే వచ్చింది. కవరు మీద పేరు కూడా నా డాక్టరు దస్తూరీతోనే రాశాను.

షాపుకి బయల్దేరుతుంటే చేతికిచ్చాను. నిలబడే విప్పింది. లోపలి మాట చదివింది. కాగితం వంకర అంచు మీద వేలితో ఒకసారి ఇటునుంచి అటు నిమిరింది. తర్వాత బొమ్మ చూసి, "అయ్యో, నోరు తెరుచుకుని పడుకున్నట్టు వేశారేంటత్తయ్యా!" అంది.

"ఉన్నదే వేశాను. నా మనవరాలు ఊహించి గియ్యొద్దంది."

సంచిలో పెట్టుకుంది. మెట్ల దాకా వెళ్ళింది. వెనక్కి వచ్చింది. గుమ్మం బయటే నిలబడి, చెప్పుల వైపు చూస్తూ అడిగింది, "ఆ పలక ఉందా? దీంట్లో ఇంకోటి వెయ్యొచ్చా?"

"ఉంది. ఎన్నైనా వెయ్యొచ్చు. ఎవరికి?"

"మా అక్కకి. నేను పట్టపగలు కుర్చీలో నిద్రపోయానంటే మా అక్క నమ్మదు. చూపించాలి." ఆగి, మెల్లిగా అంది, "షాపులో వాళ్ళు కూడా నమ్మరు. మా చెల్లెలూ నమ్మదు." అలా ఒక్కొక్కరినీ చెప్పుకుంటూ పోయింది. బస్సు వెళ్ళిపోయింది, అయినా చెబుతూనే ఉంది. ఈవిడకి ఇంతమంది ఉన్నారని నాకు తెలియదు. వాళ్ళలో ఒక్కరు కూడా ఆవిడ కూర్చుంటుందని నమ్మరట. ఆ నమ్మకం వాళ్ళకి కలిగించింది ఎవరో నేను వేరే చెప్పక్కర్లేదు.

కార్డు ఇచ్చేస్తే ఈ బరువు దిగిపోతుందనుకున్నాను. దిగలేదు. సాయంత్రం ఆవిడ షాపునుంచి వస్తే ఎదురుగా కుర్చీ లాగి పెట్టాను. అటు చూసింది, ఇటు చూసింది, కూర్చుంది. మందులు అడగడానికి మళ్ళీ లేచింది. నేను ముందే వేసుకున్నానని చెప్పాను. మళ్ళీ కూర్చుంది. ఇలాగే రోజూ చెయ్యాలి కాబోలు.

ఆవిడ చెప్పినవాళ్ళందరికీ కార్డులు వెయ్యాలి, అందుకని నీకో పని. నల్ల రంగు ట్యూబు అడుగంటింది. నువ్వు పంపిన రకమే కొను, నీళ్ళతో పోయేది కాదు, నూనెది. కొనేముందు మెడ దగ్గర నొక్కి చూడు, గట్టిగా తగిలితే వెనక్కిచ్చి ఇంకోటి అడుగు. షాపువాడు మొహం మాడ్చినా సరే. అట్ట కాగితం కూడా తే. వంచి వదిలితే వెంటనే లేచి నిలబడేది కావాలి, పడుకుండిపోయేది వద్దు. పెద్ద తావులే తీసుకో, కత్తిరించడం నేను చూసుకుంటాను. పార్సెలు కట్టకు. సెలవు అడిగి నువ్వే పట్టుకురా. ట్యూబు మూత మీద పాలిథిన్ కాగితం చుట్టి, రబ్బరు బ్యాండు రెండు మెలికలు వేసి బిగించి, బట్టల్లో కాకుండా ఏదైనా డబ్బాలో నిలువుగా పెట్టు. కారిందంటే మళ్ళీ ఆ బట్టలు ఉతికేది మీ అమ్మే.

నానమ్మ